వాకిన్ చిల్లర్ కొనేముందు తెలియాల్సిన వేడి లెక్క

2024లో తెలంగాణ ఫుడ్ సేఫ్టీ అధికారులు హైదరాబాద్ హోటళ్ల మీద వరుసగా తనిఖీలు చేసి, అక్కడ కనిపించినవాటిని ఫోటోలతో సహా సోషల్ మీడియాలో పెట్టడం మొదలుపెట్టారు. తేదీ దాటిన సరుకు, లేబుల్ లేని డబ్బాలు, ఒకే ఫ్రిజ్‌లో వెజ్, నాన్‌వెజ్ కలిపి పెట్టడం వంటివి అందులో పదే పదే బయటపడ్డాయి. అప్పటిదాకా నాలుగు తలుపుల ఫ్రిజ్‌లతో నెట్టుకొస్తున్న హోటళ్లు, కేటరింగ్ కిచెన్లు, స్వీట్ షాపులు చాలావరకు వాకిన్ చిల్లర్ (మనిషి లోపలికి నడిచి వెళ్లేంత చల్లటి గది) వైపు చూడటం అప్పటి నుంచి బాగా పెరిగింది.

కొనడానికి వెళ్లినవాళ్లకి ఎదురయ్యే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఎంత సైజు కావాలి? పది బై పదా, పది బై పన్నెండా?" ఆ సైజుకి తగ్గ మెషీన్ ఒకటి చెబుతారు, రేటు వస్తుంది, బేరం మొదలవుతుంది. మధ్యలో అడగాల్సిన అసలు ప్రశ్న తప్పిపోతుంది. ఈ గదిలోకి రోజూ ఎంత వేడి వస్తుంది? ఒకే కొలతలున్న రెండు గదుల్లో ఒకదానికి ఒక టన్ను మెషీన్ హాయిగా సరిపోవచ్చు, ఇంకోదానికి రెండు టన్నులు పెట్టినా చాలకపోవచ్చు. తేడా అంతా ఆ వంటగది నడిచే తీరులో ఉంటుంది. ఈ వ్యాసం ఆ లెక్కని మొదటి నుంచి విప్పి చూపించే ప్రయత్నం.

చిల్లర్, ఫ్రీజర్, బ్లాస్ట్ చిల్లర్: మూడూ వేరు వేరు పనులు

మనిషి లోపలికి నడిచి వెళ్లి సరుకు పెట్టుకునే, తీసుకునే చల్లటి గది ఏదైనా వాకినే. కోల్డ్ రూమ్ అని కూడా అంటారు. గోడలు ఇటుకలతో కట్టరు. రెండు వైపులా రేకు, మధ్యలో గట్టి ఫోమ్ ఉన్న పఫ్ ప్యానెళ్లని ఒకదానికొకటి లాక్ చేసి నిలబెడతారు. లోపల గాలిని చల్లబరిచే కాయిల్, దాని ఫ్యాన్లు ఉంటాయి. లోపల తీసుకున్న వేడిని బయటకి వదిలే కంప్రెసర్, కండెన్సర్ కలిసిన యూనిట్ బయట ఉంటుంది.

వాకిన్ చిల్లర్ సాధారణంగా 1 నుంచి 4 డిగ్రీల మధ్య నడుస్తుంది. ఫ్రీజర్ మైనస్ 18 లేదా అంతకన్నా కింద నడుస్తుంది. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనలు కూడా ఈ గీతల దగ్గరే ఉన్నాయి. చల్లగా ఉంచాల్సిన ఆహారం 5 డిగ్రీలు, అంతకన్నా తక్కువలో ఉండాలి. ఫ్రోజెన్ సరుకు మైనస్ 18, అంతకన్నా తక్కువలో ఉండాలి. గదిని 5 దగ్గర సెట్ చేస్తే తలుపు తెరిచిన ప్రతిసారీ గీత దాటుతుంది కాబట్టే చాలామంది 2, 3 డిగ్రీల దగ్గర పెట్టుకుంటారు.

మూడోది బ్లాస్ట్ చిల్లర్. చూడటానికి పెద్ద ఫ్రిజ్ లాగే ఉంటుంది కానీ దాని పని వేరు. పొయ్యి మీద నుంచి దిగిన వేడి ఆహారాన్ని గంటన్నరలో 70 డిగ్రీల నుంచి 3 డిగ్రీలకి దించడానికి దాన్ని తయారుచేస్తారు. చిల్లర్, ఫ్రీజర్ రెండూ అప్పటికే చల్లబడిన సరుకుని అలాగే నిలిపి ఉంచడానికి తయారైనవి. ఈ ఒక్క తేడా తెలియకపోవడం వల్లే "కొత్త వాకిన్ పెట్టించాం, కూలింగ్ రావట్లేదు" అనే ఫిర్యాదుల్లో పెద్ద భాగం పుడుతుందని నా నమ్మకం. ఆ సంగతి కిందకి వివరంగా వస్తుంది.

వేడి నాలుగు దారుల్లో వస్తుంది: ఒక ఉదాహరణ

విజయవాడలో ఒక మధ్యస్థాయి బిర్యానీ, భోజనాల హోటల్ అనుకుందాం. లోపలి కొలత 10 అడుగుల పొడవు, 10 వెడల్పు, 8 ఎత్తు. ప్యానెల్ మందం 80 మిల్లీమీటర్లు. లోపల 3 డిగ్రీలు ఉండాలి. బయట వంటగది గాలి 35 డిగ్రీలు, తేమ 60 శాతం. రోజుకి 400 కిలోల చికెన్, పెరుగు, కూరగాయలు 30 డిగ్రీల దగ్గర లోపలికి వస్తాయి. వేడిని కూడా కరెంటు కొలిచే యూనిట్లలోనే కొలుద్దాం. ఇది బిల్లులో కనిపించే యూనిట్ కాదు, గదిలోంచి బయటకి తోడాల్సిన వేడి పరిమాణం.

మొదటి దారి గోడలు. ఫోమ్ ఎంత మంచిదైనా కొద్దికొద్దిగా వేడి లోపలికి జారుతూనే ఉంటుంది. గోడలు, పైకప్పు, నేల కలిపి ఈ గదికి సుమారు 48 చదరపు మీటర్ల ఉపరితలం ఉంది. లెక్క వేస్తే రోజుకి 10 యూనిట్ల వేడి వస్తుంది.

రెండోది సరుకు. 400 కిలోలని 30 నుంచి 3 డిగ్రీలకి దించాలంటే సుమారు 11 యూనిట్లు తోడాలి.

మూడోది తలుపు. తెరిచిన ప్రతిసారీ కింది నుంచి చల్లగాలి బయటకి జారిపోతుంది, పై నుంచి వేడిగాలి లోపలికి వస్తుంది. ఇంత చిన్న గదిలో మామూలు వాడకంలోనే గాలి మొత్తం రోజుకి 19 సార్లు మారుతుందని ఇంజినీర్లు లెక్కలోకి తీసుకుంటారు. రద్దీగా ఉండే హోటల్‌కి దాన్ని రెట్టింపు చేస్తారు. అలా చేస్తే తలుపు వాటా 20 యూనిట్లు.

నాలుగోది లోపలి వస్తువులు, మనుషులు. కాయిల్ ఫ్యాన్లు, లైట్లు, లోపలికి వెళ్లి సరుకు సర్దే మనిషి ఒంటి వేడి అన్నీ కలిపి ఒక 6 యూనిట్లు.

మొత్తం 47. పది శాతం వెసులుబాటు కలిపితే 52. కంప్రెసర్ రోజంతా ఆగకుండా తిరగకూడదు. మధ్యలో కాయిల్ మీద పట్టిన ఐస్ కరగాలి, ఎండాకాలానికి కొంత మిగులు ఉండాలి. అందుకని రోజుకి 16 గంటల పని మీద లెక్కకడతారు. 52ని 16తో భాగిస్తే గంటకి 3.25 యూనిట్లు, అంటే 3.25 కిలోవాట్లు. ఒక టన్ను అంటే సుమారు 3.5 కిలోవాట్లు కాబట్టి ఈ హోటల్‌కి ఒక టన్ను మెషీన్ సరిపోతుంది.

ఒక యూనిట్ కరెంటు ఖర్చు చేసి సుమారు రెండు యూనిట్ల వేడిని తోడగలదనుకుంటే, అన్నీ కలిపి కరెంటు రోజుకి 25 యూనిట్ల దగ్గర ఉంటుంది. యూనిట్ 10 రూపాయల చొప్పున నెలకి 7,500 రూపాయలు.

ఈ నాలుగింటిలో పెద్దది తలుపు అని గమనించండి. కొనేటప్పుడు ఎక్కువ చర్చ జరిగేది మాత్రం గోడల మందం గురించి.

తలుపు వాటా కోస్తాలో ఎక్కువ, హైదరాబాద్‌లో తక్కువ

మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లో 40 డిగ్రీల పొడి ఎండ, విశాఖలో 35 డిగ్రీల ఉక్కపోత. చిల్లర్‌కి ఏది కష్టం? ఎండ ఎక్కువున్న హైదరాబాదే అనిపిస్తుంది. తలుపు విషయంలో నిజం దానికి తలకిందులుగా ఉంటుంది.

గాలిలో ఉన్న వేడి రెండు రకాలు. ఒకటి థర్మామీటర్‌కి కనబడేది. రెండోది ఆ గాలి మోసుకొచ్చే నీటి ఆవిరిలో దాగి ఉన్నది. ఆ ఆవిరి కాయిల్ మీద నీరుగా, తర్వాత ఐస్‌గా మారేటప్పుడు దాచుకున్న వేడంతా వదిలేస్తుంది. 35 డిగ్రీలు, 60 శాతం తేమ ఉన్న గాలిని 3 డిగ్రీలకి దించడానికి పట్టే శ్రమ, 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న గాలికి పట్టేదానికి సుమారు ఒకటిన్నర రెట్లు. మన ఉదాహరణలో 20 యూనిట్లున్న తలుపు వాటా, అదే వాడకంతో హైదరాబాద్ పొడి ఎండలో 14 దాకా దిగుతుంది.

దీని ఫలితం బిల్లుతో ఆగదు. తేమ ఎక్కువున్న చోట కాయిల్‌కి ఐస్ త్వరగా పడుతుంది. ఐస్ పట్టిన కాయిల్‌లోంచి గాలి వెళ్లదు, గాలి వెళ్లకపోతే గది చల్లబడదు. విశాఖ, కాకినాడ, నెల్లూరు వంటి చోట్ల డిఫ్రాస్ట్ (ఐస్ కరిగించడం) ఎన్నిసార్లు, ఎంతసేపు అన్న సెట్టింగు హైదరాబాద్‌లో పనిచేసినట్టే పనిచేయదు. 2 డిగ్రీల పైన నడిచే చిల్లర్‌లో కంప్రెసర్ కాసేపు ఆగి ఫ్యాన్ తిరిగితే చాలు, ఐస్ దానంతట అదే కరుగుతుంది. ఫ్రీజర్‌లో గాలే మైనస్‌లో ఉంటుంది కాబట్టి హీటర్లు తప్పవు.

తలుపుకి వేలాడే ప్లాస్టిక్ పట్టీల కర్టెన్ గురించి వంటవాళ్లలో చాలామందికి చిరాకు. మొహానికి తగులుతుందని, జిడ్డు పడుతుందని పైకి చుట్టి కట్టేస్తారు. కానీ సరిగ్గా వేలాడుతున్న కర్టెన్ తలుపు దారిన వచ్చే వేడిని సగానికి పైగా ఆపగలదు. అంటే గోడలన్నీ కలిపి లోపలికి పంపే వేడికి సమానమైనంత. కర్టెన్ శుభ్రంగా లేకపోతే అదే కొత్త సమస్య అవుతుందనే వాదనలో న్యాయం ఉంది. అందుకే కొందరు తలుపు తెరవగానే పైనుంచి గాలి కొట్టే ఎయిర్ కర్టెన్ వైపు వెళతారు. దానికి ఖర్చు ఎక్కువ, సరిగ్గా అమర్చకపోతే ప్రయోజనం తక్కువ. తలుపు దానంతట అదే మూసుకునే క్లోజర్ మాత్రం ఏ వాదనా లేకుండా పనికొచ్చేది.

వేడి సాంబారు లోపల పెడితే ఏమవుతుంది

రాత్రి పదకొండు గంటలు. 60 లీటర్ల సాంబారు మిగిలింది, ఇంకా 90 డిగ్రీలుంది. గుండిగకి మూతపెట్టి వాకిన్‌లోకి తోశారు. ఆ ఒక్క గుండిగని 3 డిగ్రీలకి దించడానికి తోడాల్సిన వేడి 5.8 యూనిట్లు. రోజంతా వచ్చిన 400 కిలోల సరుకుది 11 యూనిట్లు. ఒక గుండిగ, రోజు సరుకులో సగానికి పైగా పని పెట్టిందన్నమాట.

మొత్తం కన్నా వేగం ఇంకా పెద్ద సమస్య. ఆ 5.8 యూనిట్లని నాలుగు గంటల్లో తోడాలంటే దాదాపు 1.5 కిలోవాట్ల శక్తి కావాలి. మన ఒక టన్ను మెషీన్ మొత్తం శక్తి 3.5. మిగతా పనులకి సగటున 2 పోతుంది. సరిగ్గా అంచు మీద ఉన్నట్టు. కేటరింగ్ కిచెన్‌లో పప్పు, సాంబారు, కూర కలిపి 150 లీటర్లయితే 3.6 కిలోవాట్లు కావాలి. అంటే మెషీన్ మొత్తం దానికే ఇచ్చినా చాలదు. ఈలోగా గది గాలి 8, 10 డిగ్రీలకి ఎక్కుతుంది. పక్కన ఉన్న పచ్చి చికెన్, పెరుగు కూడా ఆ వేడిని అనుభవిస్తాయి. సాంబారు ఆవిరి కాయిల్ మీద ఐస్‌గా పేరుకుంటుంది.

మెషీన్ ఎంత పెద్దదైనా ఇంకో అడ్డంకి ఉంది. లోతైన గుండిగ మధ్యలో ఉన్న వేడి అంచుదాకా రావడానికి చాలా గంటలు పడుతుంది. పైన చేయి పెడితే చల్లగా ఉంటుంది, నడిమధ్యలో తెల్లారేదాకా గోరువెచ్చగానే ఉంటుంది. వండినప్పుడు చావకుండా మిగిలే కొన్ని బ్యాక్టీరియా విత్తులకి ఆ గోరువెచ్చదనమే కావాలి. అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్, మాంసం కూరల్లో పెరిగే క్లాస్ట్రిడియం పర్ఫ్రింజెన్స్ అలాంటివే. అందుకే అమెరికా ఫుడ్ కోడ్‌లో వండిన ఆహారం 57 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో, అక్కడి నుంచి 5కి మరో నాలుగు గంటల్లోపు దిగాలని ఉంది. డాలస్‌లో, న్యూజెర్సీలో నడిచే తెలుగు రెస్టారెంట్లకి ఇన్‌స్పెక్టర్ థర్మామీటర్ పట్టుకుని చూసే గీత ఇదే.

ఇప్పుడు అదే సాంబారుని ముందు వెడల్పాటి ట్రేల్లో రెండంగుళాల మందాన పోసి, కింద ఐస్ నీళ్లు పెట్టి 21 డిగ్రీలకి దించి, ఆ తర్వాత వాకిన్‌లోకి పంపితే? తోడాల్సిన వేడి 5.8 నుంచి 1.2 యూనిట్లకి పడిపోతుంది. ఐదో వంతు.

ఇక్కడే కొనుగోలు నిర్ణయం చీలుతుంది. రోజూ పెద్ద ఎత్తున వండి, చల్లార్చి, మర్నాడు వేర్వేరు శాఖలకి పంపే సెంట్రల్ కిచెన్‌కి బ్లాస్ట్ చిల్లర్ నిజమైన అవసరం. దాని బదులు రెట్టింపు టన్నుల వాకిన్ కొన్నా, గుండిగ మధ్యలోని వేడి సమస్య తీరదు. ఎప్పటివప్పుడు వండి వడ్డించే హోటల్‌లో మిగిలేది కొంచెమే అయితే, అంత ఖరీదైన మెషీన్ కన్నా ట్రేలు, ఐస్ మెషీన్ చాలు.

"ఒక టన్ను" అని కొటేషన్‌లో రాస్తే దాని అర్థం ఎంత

దాదాపు ఏమీ లేదు, పక్కన రెండు ఉష్ణోగ్రతలు రాయకపోతే. కంప్రెసర్ ఎంత వేడి తోడగలదన్నది లోపలి కాయిల్ ఎంత చల్లగా ఉండాలి, బయట గాలి ఎంత వేడిగా ఉంది అన్న రెండింటి మీద ఆధారపడుతుంది. చిల్లర్ కాయిల్ మైనస్ 5 దగ్గర నడిస్తే వచ్చే శక్తి, అదే కంప్రెసర్‌ని ఫ్రీజర్ కోసం మైనస్ 25 దగ్గర నడిపితే సుమారు సగానికి పడిపోతుంది. బయట 35 డిగ్రీల దగ్గర రాసిన సామర్థ్యం 45 డిగ్రీల దగ్గర పది, పదిహేను శాతం తగ్గుతుంది. సరిగ్గా మనకి ఎక్కువ అవసరమైన రోజునే మెషీన్ తక్కువ ఇస్తుంది.

రామగుండంలో, రెంటచింతలలో, విజయవాడలో 45 దాకా వెళ్లే వేసవులు కొత్త కాదు. కాబట్టి రెండు కొటేషన్లలో రెండూ ఒక టన్నే అని ఉండి, ఒకటి 35 డిగ్రీల లెక్క, ఇంకోటి 43 డిగ్రీల లెక్క అయితే అవి ఒకే సరుకు కావు. ధరలో కనిపించే తేడాకి చాలాసార్లు కారణం ఇదే. అమ్మేవాళ్లు అబద్ధం చెప్పినట్టు కూడా కాదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు, అంతే.

అదే కోవలో ఇంకో మాట. కాయిల్‌కీ గది గాలికీ మధ్య తేడా ఎంతన్నది కూడా ముఖ్యమే. చిన్న కాయిల్ పెట్టి, దాన్ని బాగా చల్లగా నడిపి గదిని చల్లబరచవచ్చు. చౌకగా అవుతుంది. కానీ అంత చల్లటి కాయిల్ గాలిలోని తేమనంతా లాగేస్తుంది. కొత్తిమీర, పుదీనా, కరివేపాకు ఒక్క రాత్రిలో వాడిపోతాయి, మూతలేని పనీర్ అంచులు ఎండుతాయి. తేడా 5, 6 డిగ్రీల్లో ఉండేంత పెద్ద కాయిల్ అయితే తేమ 85 శాతం పైన నిలుస్తుంది. ఆకుకూరలు ఎక్కువ పెట్టే వంటగదికి పెద్ద కాయిల్ మీద పెట్టిన డబ్బు సరుకులోనే తిరిగి వస్తుంది. అన్నీ ప్యాక్ చేసి పెట్టేవాళ్లకి ఆ తేడా పెద్దగా పట్టదు.

గోడ మందం: 60 చాలా, 100 కావాలా

మన మార్కెట్లో చిల్లర్‌కి 60, 80, 100 మిల్లీమీటర్ల ప్యానెళ్లు, ఫ్రీజర్‌కి 100, 120, 150 ఎక్కువగా నడుస్తాయి. అమెరికాలో 2007 ఇంధన చట్టం వాకిన్ గోడలు వేడిని అడ్డుకోవాల్సిన కనీస స్థాయిని నిర్ణయించింది. మన పఫ్ ప్యానెల్ భాషలో చెబితే అది చిల్లర్‌కి దాదాపు 100, ఫ్రీజర్‌కి దాదాపు 130 మిల్లీమీటర్లు.

మన ఉదాహరణ గదికే లెక్క కడదాం. ఏడాది సగటున బయట 30 డిగ్రీలనుకుంటే, 60 నుంచి 100కి మారితే కరెంటు రోజుకి 2.3 యూనిట్లు ఆదా. ఏడాదికి 8,400 రూపాయలు. అదే గది మైనస్ 20 ఫ్రీజర్ అయితే రెండు కారణాలు కలుస్తాయి: లోపలకీ బయటకీ తేడా 50 డిగ్రీలు, పైగా ఒక యూనిట్ కరెంటుతో తోడగలిగే వేడి కూడా తగ్గిపోతుంది. ఆదా ఏడాదికి 26,000 రూపాయల దాకా వెళుతుంది. ఫ్రీజర్‌లో పల్చటి ప్యానెల్‌ని సమర్థించే వాదన నాకు ఎక్కడా కనబడలేదు.

చిల్లర్ విషయంలో రెండు పక్షాలకీ బలముంది. అద్దె స్థలంలో, మూడేళ్లలో ఖాళీ చేయాల్సి రావచ్చనుకునేవాళ్లకి 60 అర్థవంతమే. ఇరుకు వంటగదిలో గోడ తినే ప్రతి అంగుళమూ లెక్కే. సొంత స్థలంలో పదేళ్లు నడపాలనుకునేవాళ్లకి ఆ 8,400 ఏటా వస్తూనే ఉంటుంది. మందం ఎంతైనా, ప్యానెళ్ల అతుకుల దగ్గర సందులుంటే అదంతా వృథా. అతుకు దగ్గర బయటివైపు చెమట పడుతోందంటే అక్కడ చలి కారుతోందని అర్థం. ఫ్రీజర్‌కి నేలలో కూడా ఇన్సులేషన్ వేయకపోతే కింద మట్టిలో తేమ గడ్డకట్టి, నేల ఉబ్బి పగులుతుంది.

పది బై పదిలో నిజంగా ఎంత పడుతుంది

800 ఘనపు అడుగుల గది అంటే 800 అడుగుల సరుకు కాదు. మధ్యలో మనిషి నడవాలి, గోడకీ సరుకుకీ మధ్య గాలి తిరగాలి, కాయిల్ ఎదురుగా ఏదీ అడ్డం ఉండకూడదు. రెండు పక్కలా, వెనకా రెండడుగుల లోతు రాక్‌లు ఆరున్నర అడుగుల ఎత్తుదాకా పెడితే రాక్‌ల మొత్తం చోటు 340 ఘనపు అడుగుల లోపే, గదిలో 42 శాతం. అందులోనూ డబ్బాల మధ్య ఖాళీలు పోతాయి. అయినా ఇది ఏడెనిమిది నాలుగు తలుపుల ఫ్రిజ్‌లకి సమానం. అంతకన్నా తక్కువ అవసరమున్నవాళ్లకి వాకిన్ కన్నా రెండు మూడు ఫ్రిజ్‌లే మేలన్న వాదన సరైనదే. ఒకటి చెడితే ఇంకోటి ఉంటుంది, తలుపు తెరిస్తే గది మొత్తం వేడెక్కదు.

ఒకే పెద్ద గదా, రెండు చిన్నవా అన్నది ఇంకో చర్చ. ఒకే గది చౌక, గోడల వాటా కూడా తక్కువ. కానీ పచ్చి మాంసం, వండినవి, వెజ్, నాన్‌వెజ్ విడివిడిగా ఉంచాలని నిబంధన. ఒకే గదిలో రాక్‌లు వేరు చేసి, వండినవి పైన, పచ్చి మాంసం కింద పెట్టి పాటించవచ్చు. రద్దీలో ఎంతమంది పాటిస్తారన్నది వేరే ప్రశ్న. మధ్యలో ప్యానెల్ గోడ వేసి, రెండు తలుపులు, రెండు యూనిట్లు పెడితే క్రమశిక్షణ పని గోడే చేస్తుంది. ఒక కంప్రెసర్ ఆగిపోయిన రోజు రెండో గది వ్యాపారాన్ని కాపాడుతుంది. పెళ్లి ముహూర్తాల సీజన్‌లో మాత్రమే రెట్టింపు నిల్వ కావాల్సిన కేటరర్లకి ఇంకో లాభం: మూఢం రోజుల్లో ఒక గదిని పూర్తిగా ఆపేయవచ్చు.

అన్నీ 3 డిగ్రీల్లో బాగుంటాయనుకోవడం కూడా తప్పే. అరటికాయ, పచ్చి మామిడి, పండని టమాటాలకి 12, 13 డిగ్రీలు కావాలి. వంకాయ, దోసకాయలకి 10 దగ్గర. వీటిని 3 డిగ్రీల్లో రోజుల తరబడి ఉంచితే నల్లబడతాయి, మెత్తబడతాయి. ఉల్లి, బంగాళాదుంపలు చిల్లర్‌లోకి రానేరావు. ఆ సరుకుని లెక్కలోంచి తీసేస్తే చాలా హోటళ్లకి కావాల్సిన గది చిన్నదవుతుంది.

బయటి యూనిట్ ఎక్కడ, కరెంటు పోతే ఎలా

గదిలోంచి తీసిన వేడిని యూనిట్ ఎక్కడో ఒకచోట వదలాలి. యూనిట్ మొత్తం ఒకే పెట్టెలో వచ్చే మోనోబ్లాక్‌ని గది గోడకి బిగిస్తే పని అయిపోతుంది. పైపులు లాగే పని లేదు, గ్యాస్ లీకయ్యే అతుకులు తక్కువ. కానీ ఆ వేడంతా వంటగదిలోకే వస్తుంది. స్ప్లిట్ అయితే యూనిట్ డాబా మీద ఉంటుంది, పైపుల పని నైపుణ్యం మీద అన్నీ ఆధారపడతాయి. ఇరుకు సందులో పెట్టి, వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకునేలా చేస్తే డాబా మీద పెట్టిన లాభం పోయినట్టే. కండెన్సర్ ఒక డిగ్రీ ఎక్కువ వేడెక్కితే కరెంటు రెండు మూడు శాతం పెరుగుతుంది. వంటగది ఎగ్జాస్ట్ దగ్గర పెడితే నూనె జిడ్డు రెక్కలకి పట్టి నెలల్లోనే అదే పరిస్థితి వస్తుంది.

కరెంటు కోత గురించి భయం ఎక్కువ, లెక్క తక్కువ. గదిలో 1,000 కిలోల చల్లటి సరుకుండి, తలుపు మూసే ఉంటే, గోడల దారిన వచ్చే వేడి ఆ సరుకుని గంటకి అర డిగ్రీ కూడా పెంచదు. నాలుగు గంటల కోతలో 3 డిగ్రీల సరుకు 5 లోపే ఉంటుంది. అదే గదిలో 200 కిలోలే ఉంటే గంటకి రెండు డిగ్రీల పైన పెరిగి, నాలుగు గంటలకి 12 దగ్గరికి చేరుతుంది. జనరేటర్ ఎంత పెద్దది కావాలన్నది కూడా ఇక్కడ తేలుతుంది. స్టార్ట్ అయ్యేటప్పుడు కంప్రెసర్ మామూలు కన్నా ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది కాబట్టి, నడిచేటప్పటి లెక్కతో కొన్న జనరేటర్ స్టార్టింగ్‌లోనే కూలబడుతుంది.

గ్యాస్ పేరు చూడటం ఎందుకు ముఖ్యం

పాత యూనిట్లలో పైపుల్లో తిరుగుతూ వేడిని మోసే గ్యాస్‌గా ఆర్22 ఉండేది. ఓజోన్ పొరకి హాని చేసే ఈ తరహా గ్యాస్‌లతో కొత్త పరికరాల తయారీని 2024 చివరికి ఆపేయాలన్నది మన దేశ ప్రణాళిక. సెకండ్ హ్యాండ్‌లో చౌకగా వచ్చే వాకిన్ యూనిట్లలో చాలా వాటిలో ఇంకా ఇదే ఉంటుంది. ప్యానెళ్లు బాగుంటే సెకండ్ హ్యాండ్ ప్యానెళ్లు మంచి బేరమే కావచ్చు. ఆర్22 యూనిట్ మాత్రం ఏడాదికేడాది గ్యాస్ దొరకడం కష్టమై, ధర పెరుగుతూ పోయే దారిలో ఉంది.

దాని తర్వాత వచ్చిన ఆర్404ఏ ఓజోన్‌కి హాని చేయదు. కానీ ఒక కిలో లీకైతే దాదాపు 3,900 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంతగా భూమిని వేడెక్కిస్తుంది. 2016 నాటి అంతర్జాతీయ ఒప్పందమైన కిగాలీ సవరణని భారత్ 2021లో ఆమోదించింది. దాని ప్రకారం ఈ తరహా గ్యాస్‌లని 2032 నుంచి మెట్లవారీగా తగ్గించి, 2047 నాటికి 85 శాతం తగ్గించాలి. అంటే ఇవాళ కొన్న ఆర్404ఏ యూనిట్ తన ఆయుష్షు తీరేదాకా నడవడానికి చట్టపరంగా అడ్డంకి లేదు, గ్యాస్ ధర మాత్రం పెరగవచ్చు. ఆర్448ఏ, ఆర్449ఏ లాంటివి ఆ ప్రభావాన్ని మూడో వంతు దగ్గరికి తెస్తాయి. ఆర్290 అంటే ప్రొపేన్. వాతావరణానికి దాదాపు హాని లేదు, కరెంటూ తక్కువ తాగుతుంది. కానీ మండే గ్యాస్ కాబట్టి ఒక్కో మెషీన్‌లో తక్కువ మోతాదే నింపుతారు. అందుకే ఇది ఎక్కువగా చిన్న మోనోబ్లాక్‌లలో కనిపిస్తుంది.

కాగితం మీద ఏది మేలో తేల్చడం తేలిక. తెనాలిలోనో, నిజామాబాద్‌లోనో మే నెల ఆదివారం రాత్రి మెషీన్ ఆగితే, ఆ గ్యాస్ సిలిండర్ దగ్గర ఉన్న, ఆ గ్యాస్‌తో పనిచేయడం నేర్చుకున్న మెకానిక్ ఎంత దూరంలో ఉన్నాడన్నది ఆ పోలికలో కనిపించదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి కొత్త గ్యాస్ వైపు వెళ్లడం ఇప్పటికే సులువు. చిన్న ఊళ్లలో ఉన్నవాళ్లకి, అమ్మే కంపెనీ సర్వీసు మనిషి ఏ ఊళ్లో ఉంటాడన్న ప్రశ్నకి వచ్చే జవాబే గ్యాస్‌ని నిర్ణయిస్తుంది.